తొలి ట్యాంకులో పెద్ద చేపలు: దేనికి దేనితో పొసగుతుంది

షాపులో కనబడే ఆస్కార్ చేప పిల్ల రెండంగుళాలు కూడా ఉండదు. నల్లటి ఒంటి మీద తెల్లటి, నారింజ రంగు గీతలతో, గాజు దగ్గరకొచ్చి మనిషి ముఖంలోకి చూస్తుంది. పక్క తొట్టెల్లో దాదాపు అంతే సైజులో సిల్వర్ డాలర్లు, బాలా షార్కులు, సక్కర్ చేపలు, ఎర్రతోక క్యాట్‌ఫిష్ పిల్లలు ఉంటాయి. అన్నీ ఒకే ఈడువి, కలిపి పెంచితే కలిసే పెరుగుతాయి అనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆస్కార్ జానెడు దాటుతుంది, సిల్వర్ డాలర్ అరచేయంత కూడా ఉండదు, ఎర్రతోక క్యాట్‌ఫిష్ నోరు ఆ రెంటికీ సరిపోయేంత అవుతుంది. పెద్ద చేపలను జతపరిచేటప్పుడు షాపులో ఉన్న సైజు లెక్కలోకి రాదు. పూర్తిగా ఎదిగాక ఎంతుంటుందో తెలుసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కవేసుకోవాలి.

నా సలహా ముందే చెబుతాను. మొదటిసారి పెంచేవాళ్లు 15-20 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయే చేపలతో మొదలుపెడితే మంచిది. సెవెరమ్, బ్లూ అకారా, ఏంజెల్, సిల్వర్ డాలర్ ఈ వరసలోవి. చూడ్డానికి నిండుగా, పెద్దగానే ఉంటాయి, మనిషిని గుర్తుపడతాయి, పొరపాట్లను కొంత ఓర్చుకుంటాయి, పక్కన మరికొన్ని చేపలకు చోటిస్తాయి. మనసంతా ఆస్కార్ మీదే ఉంటే ఆస్కార్‌నే పెంచండి, తప్పేం లేదు. కాకపోతే ట్యాంకు దాని కోసమే కొనాలి, తోడు చేపల సంగతి ఆ తర్వాత చూడాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఉన్న ట్యాంకులో నచ్చిన నాలుగైదు రకాలు వేసేసి, ఆరు నెలల తర్వాత ఏది దేన్ని కొడుతోందో చూస్తూ కూర్చుంటారు.

ముందు గాజు కొలత, తర్వాతే చేప

"నాలుగడుగుల ట్యాంకు" అంటే పెద్ద చేపల విషయంలో సగం సమాచారమే. ముందు గాజు నుంచి వెనక గాజు దాకా ఎంతుందో కూడా కావాలి. అడుగు వెడల్పున్న ట్యాంకులో 30 సెంటీమీటర్ల చేప వెనక్కి తిరగాలంటే ఒళ్లు వంచుకోవాలి, ప్రతిసారీ. అలాంటి చోట దానికి చిరాకు పుట్టడంలో వింతేమీ లేదు. పెద్ద చేపలకు వెడల్పు అడుగున్నర కనీసం, రెండడుగులుంటే హాయి. ఎత్తు మాత్రం ఏంజెల్స్‌కు తప్ప మిగతావాటికి అంతగా ఉపయోగపడదు. చేపలు ఈదేది అడ్డంగా కదా.

లీటర్లలో చెప్పుకుంటే, 4×1.5×1.5 అడుగుల (పొడవు, వెడల్పు, ఎత్తు) ట్యాంకులో అంచుదాకా నింపితే 255 లీటర్లు పడతాయి. ఇసుకకూ పైన వదిలే ఖాళీకీ తీసేస్తే మిగిలేది 220 ప్రాంతం. 4×2×2 అయితే 450, 6×2×2 అయితే 680 లీటర్లు. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి, 4×2×2 ట్యాంకు గాజు, ఇసుక, స్టాండు అన్నీ కలిపితే అర టన్ను దాటుతుంది. దాన్ని బల్ల మీదా పుస్తకాల అర మీదా పెట్టే ఆలోచన వద్దు. పై అంతస్తుల్లో ఉండేవాళ్లు నేల సంగతి తెలిసినవాళ్లను అడిగి, గది మధ్యలో కాకుండా గోడవారగా పెట్టుకోవాలి.

ఈ విషయంలో ఎప్పుడూ వినబడే మాట ఒకటుంది: "ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది, భయపడకండి." ఇరుకు ట్యాంకులో చేప ఎదుగుదల మందగించేది నిజమే. మురికి పేరుకున్న నీళ్లూ చాలని చోటూ దాన్ని గిడసబారుస్తాయి. వెన్ను వంగిపోయి, ఒంటికి మించిన కళ్లతో, పది పదిహేనేళ్లు బతకాల్సింది రెండు మూడేళ్లకే పోతుంది. ఆ మాట నమ్మి కొనకండి.

పొసగడమంటే మూడు సంగతులు

మొదటిది నోరు. పెద్ద చేపల్లో చాలావరకు కొరికి తినవు, ఒక్కసారిగా నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి లాక్కుంటాయి. ఆస్కార్ నోరు మూసి ఉన్నప్పుడు చూస్తే అంత తెరుచుకుంటుందని ఊహించలేం. నియాన్ టెట్రాలు, గప్పీలు, చిన్న బార్బ్‌లు దానికి మేతే. ఇందులో కోపతాపాలేమీ లేవు. ఏంజెల్ ఎంతో సాధువుగా కనబడుతుంది గానీ ఎదిగిన ఏంజెల్ కూడా నియాన్లను ఒక్కొక్కటిగా మాయం చేస్తుంది. క్యాట్‌ఫిష్‌లది మరో తీరు: పగలంతా మూల నక్కి ఉండి, దీపం ఆరాక తిరుగుతాయి. పొద్దున్నే లెక్క తగ్గుతుంది, ఎవరు తిన్నారో తెలియదు.

ఒంటి ఆకారం కూడా ఇక్కడ పనిచేస్తుంది. సన్నగా పొడుగ్గా ఉన్న చేపను మింగడం సులువు, పళ్లెంలా వెడల్పుగా ఉన్నదాన్ని మింగడం కష్టం. ఆస్కార్, సెవెరమ్ లాంటి పెద్ద సిక్లిడ్‌ల పక్కన సిల్వర్ డాలర్ నెగ్గుకురావడానికి దాని వేగంతో పాటు ఆ గుండ్రటి ఆకారం కూడా కారణం. దీనికి ఒక ప్రమాదకరమైన మినహాయింపు ఉంది. పిక్టస్ వంటి చిన్న క్యాట్‌ఫిష్‌ల రెక్కల్లో గట్టి ముళ్లుంటాయి, భయం వేస్తే అవి నిటారుగా బిగుసుకుంటాయి. ఆస్కార్ అలాంటిదాన్ని మింగబోతే ముల్లు నోట్లో దిగబడి రెండూ చస్తాయి. నోటికి సరిపోయే సైజులో ఉన్న ముళ్ల చేపను పెద్ద చేప పక్కన ఎప్పుడూ వేయకూడదు.

రెండోది స్వభావం. పెద్ద అక్వేరియం చేపల్లో ఎక్కువ భాగం సిక్లిడ్ కుటుంబానివి, వాటికి సొంత జాగా పట్టింపు ఎక్కువ. గుడ్లు పెట్టే సమయంలో ఆ పట్టింపు పదింతలవుతుంది. కన్విక్ట్ సిక్లిడ్ చూడండి: పది పదిహేను సెంటీమీటర్లకు మించదు, కానీ జంట కట్టి గుడ్లు పెడితే తమకన్నా రెండింతలున్న చేపలను కూడా ట్యాంకు ఒక మూలకు తరిమేస్తుంది. కొత్తవాళ్లకు ఇది తెలియక, "చిన్నదే కదా" అని వేస్తారు. ఇంకో విషయం, సిక్లిడ్‌కు తన పోలిక ఉన్నవాటి మీదే మంట ఎక్కువ. ఒకే రంగు, ఒకే ఆకారం ఉన్న రెండు మగ చేపలు ఒక ట్యాంకులో ఉంటే పోరు తప్పదు. అదే చేప పక్కనే తిరిగే సిల్వర్ డాలర్ల గుంపును పట్టించుకోదు.

కొట్లాట లేకపోయినా జత చెడిపోయే దారి ఒకటుంది: మేత. టిన్‌ఫాయిల్ బార్బ్, బాలా షార్క్ లాంటివి మేత నీళ్లలో పడీ పడకముందే లాగేసుకుంటాయి. చూపు మందంగా ఉండి వాసన మీద ఆధారపడే బిచిర్ లాంటి చేప అడుగున వెతుక్కునేసరికి ఏమీ మిగలదు. రెక్క మీద గాటు కూడా లేకుండా చేప చిక్కి చచ్చిపోతుంది. కారణం చాలా ఆలస్యంగా తడుతుంది.

మూడోది నీళ్లు. ఇది సులువైన వడపోత కాబట్టి త్వరగా చెప్పేస్తాను. దక్షిణ అమెరికా చేపలకు 24-28 డిగ్రీల వెచ్చదనం చాలు, మామూలు మెత్తటి (లవణాలు తక్కువున్న) నీళ్లు సరిపోతాయి. ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలకు గట్టి (లవణాలు ఎక్కువున్న) నీళ్లు, 7.8 నుంచి 8.6 దాకా పీహెచ్ కావాలి. వాటి కొట్లాట తీరూ వేరు. డిస్కస్‌కు 28-30 డిగ్రీలు, చాలా శుభ్రమైన నీళ్లు కావాలి, అది మొదటి చేప కాదు. గోల్డ్‌ఫిష్‌కు వీటన్నిటికన్నా చల్లటి నీళ్లు ఇష్టం. ఈ నాలుగు వర్గాలను కలపకండి.

మధ్యలో ఏ చేప: ఆస్కారా, సెవెరమా, ఇంకేదైనానా

ఆస్కార్‌కు ఉన్నంత ఆకర్షణ మరో చేపకు లేదు. యజమాని గదిలోకి రాగానే తోక ఊపుతుంది, చేతి నుంచి మేత తీసుకుంటుంది, రాళ్లను తనకు నచ్చినట్టు సర్దుకుంటుంది, నచ్చని రోజు అడుగున పక్కకు వాలి పడుకుని అలిగినట్టుంటుంది. మొదటిసారి ఆ పడక చూసినవాళ్లు చచ్చిపోయిందనే అనుకుంటారు. మొదటి నెలల్లో నెలకు అంగుళం చొప్పున పెరుగుతుంది, ఎదిగాక అడుగు దాకా వస్తుంది. ఒక్క ఆస్కార్‌కే 280-300 లీటర్లు కనీసం కావాలి, అంటే 4×1.5×1.5 కూడా చాలదు, 4×2×1.5 అయితే 340 లీటర్లు, అది సరిపోతుంది. ఆస్కార్ తినేదీ విసర్జించేదీ రెండూ ఎక్కువే. నమిలిన మేతలో సగం మొప్పల్లోంచి పొడిలా బయటకు చిమ్ముతుంది. వారానికోసారి మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చే ఓపిక లేకపోతే ఆస్కార్ జోలికి పోవద్దు. నీళ్లు పాడై, మేత ఎప్పుడూ ఒకటే అయిన ట్యాంకుల్లో దాని తల మీద గుంటలు పడే జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది.

సెవెరమ్ కూడా ఆస్కార్ లాగే సిక్లిడ్, 20 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆస్కార్‌లో జనం మెచ్చుకునే గుణాలు చాలావరకు దీనికీ ఉన్నాయి: మనిషిని గుర్తుపట్టడం, ముందుకొచ్చి మేత అడగడం, నిదానంగా తిరగడం. దూకుడు తక్కువ, నోరు చిన్నది, ఆకుకూరలు, ఉడికించిన బఠాణీ ఇష్టంగా తింటుంది. మొక్కలు మాత్రం మిగల్చదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి కొత్తవాళ్లకు ఒకటే చెప్పమంటే నేను సెవెరమ్‌కే ఓటేస్తాను. కాకపోతే దీని మగవాటి మధ్యా పోట్లాటలు ఉంటాయి, కాబట్టి ఒకటే ఉంచండి, లేదా చిన్నప్పటి నుంచి కలిసి పెరిగి కుదిరిన జంటను ఉంచండి.

బ్లూ అకారా ఇంకొంచెం చిన్నది, 15 సెంటీమీటర్లు. ఎందుకో జనం దీన్ని పెద్దగా పట్టించుకోరు. పిల్లగా ఉన్నప్పుడు బూడిద రంగులో దిగులుగా కనబడుతుంది, పెద్దయ్యాక పొలుసుల మీద నీలపు మెరుపు వస్తుంది. షాపులో దాని దగ్గరి బంధువైన గ్రీన్ టెర్రర్‌తో పొరబడే ప్రమాదం ఉంది. గ్రీన్ టెర్రర్ మగది 20 సెంటీమీటర్లు దాటుతుంది, పేరుకు తగ్గట్టే ఉంటుంది. పిల్లలు చిన్నవిగా ఉంటే తేడా పట్టుకోవడం కష్టం, కాబట్టి ఏది అమ్ముతున్నారో గట్టిగా అడిగి తెలుసుకోండి.

జాక్ డెంప్సీ అనే సిక్లిడ్‌కు ఆ పేరు 1920ల నాటి బాక్సింగ్ ఛాంపియన్ మీదుగా వచ్చింది. మరీ అంత రౌడీ కాదుగానీ, తోడు చేపలతో పెంచే మొదటి చేప కూడా కాదు. ఫ్లవర్‌హార్న్ సంగతి తేలిక: మనుషులు రకరకాల సిక్లిడ్‌లను కలిపి తయారుచేసిన సంకరం, 1990లలో మలేసియాలో మొదలైంది. దాన్ని ఒంటరిగా పెంచాలి. "మా ఇంట్లో ఫ్లవర్‌హార్న్ పక్కన ఫలానా చేప రెండేళ్లుగా ఉంది" అనేవాళ్లు ఉంటారు. ఆ రెండేళ్లు కలిసొచ్చాయి, అంతే. ఒంటరి చేప చాలు, దాని నుదుటి మీది బొడిపెనూ దాని ఆటలనూ చూస్తూ ఉంటాను అనుకునేవాళ్లకు ఆస్కార్ కన్నా ఫ్లవర్‌హార్నే సులువు, ఎందుకంటే దేనితో కలపాలన్న ప్రశ్నే రాదు.

బ్లడ్ ప్యారట్ కూడా సంకరమే, ఇది తైవాన్ నుంచి వచ్చింది. నోరు పూర్తిగా మూసుకోదు, గొంతులోని పళ్లతో నలుచుకుని తింటుంది. కోపం వస్తే వెంటపడుతుంది గానీ గట్టిగా కొరకలేదు, అందుకే తోడు చేపలకు పెద్దగా దెబ్బలు తగలవు. అలాంటి వంకర నోటితో చేపలను తయారుచేయడం తప్పని దాన్ని కొనడమే మానేసినవాళ్లున్నారు, వాళ్ల వాదనలో న్యాయముంది. కొనాలనుకుంటే దాన్ని ఆస్కార్, డెంప్సీల పక్కన మాత్రం వేయకండి. అది తనను తాను కాపాడుకోలేదు. సెవెరమ్, సిల్వర్ డాలర్ల పక్కన బాగుంటుంది.

ఏంజెల్స్ దారి వేరు. ఒంటి పొడవు 15 సెంటీమీటర్లే అయినా రెక్కలతో కలిపి ఎత్తు 20 దాటుతుంది, కాబట్టి వీటికి లోతు కావాలి. నీళ్ల లోతు ఒకటిన్నర అడుగుకు తగ్గకూడదు. ఐదారు పిల్లలను వేస్తే కొన్ని నెలల్లో ఒక జంట కుదురుతుంది, మిగతావాటిని తరమడం మొదలవుతుంది. అప్పుడు ఆ జంటనో మిగతావాటినో వేరే చోటికి మార్చే ఏర్పాటు ముందే ఉండాలి. రెక్కలు లాగే టైగర్ బార్బ్‌లతో వీటికి అస్సలు పొసగదు.

గోల్డ్‌ఫిష్‌ను పెద్ద చేపగా ఎవరూ లెక్కేయరు. ఒంటితోక కామెట్ రకం అడుగు దాకా పెరుగుతుంది, బొద్దుగా ఉండే జంటతోక రకాలు 15-20 సెంటీమీటర్లు వస్తాయి. చల్లటి వాతావరణంలో హీటర్ ఖర్చు వద్దనుకునేవాళ్లకు 4×1.5×1.5లో మూడు నాలుగు జంటతోక గోల్డ్‌ఫిష్‌లు మంచి ఎంపిక. వాటికి తోడు అవే. కామెట్లతో కూడా కలపొద్దు, అవి వేగంగా ఈది మేతంతా లాగేస్తాయి.

తోడు చేపలు

పెద్ద సిక్లిడ్‌కు తోడు వేసేటప్పుడు దాని జాగాకు అడ్డురానిదాన్ని చూడాలి. సిక్లిడ్ మధ్య నుంచి అడుగు దాకా తన రాజ్యం అనుకుంటుంది, కాబట్టి పై మట్టంలో గుంపుగా తిరిగే చేప ఒక రకం, అడుగున నక్కి ఉండే గట్టి చేప మరో రకం ఉంటే సరిపోతుంది. పైన తిరిగే గుంపు వల్ల ఇంకో లాభం ఉంది. అవి బెదరకుండా తిరుగుతుంటే పెద్ద చేప కూడా ఇక్కడ ప్రమాదమేమీ లేదని ధైర్యంగా బయటకొస్తుంది.

ఈ పనికి సిల్వర్ డాలర్లు దొరికినవాటిలో మేలు. 15 సెంటీమీటర్లు, ఆరు ఉండాలి, రెండు మూడు అయితే పిరికిగా మూలలు పడతాయి. మొక్కలు తింటాయి. టిన్‌ఫాయిల్ బార్బ్, బాలా షార్క్ రెండూ అందంగానే ఉంటాయి గానీ రెండూ అడుగు దాటుతాయి, రెంటినీ గుంపుగానే పెంచాలి, రెండూ ఎగిరి దూకుతాయి. ఆరడుగుల ట్యాంకు కన్నా చిన్నదానిలో వద్దు. సెవెరమ్, బ్లూ అకారా లాంటి చిన్న నోటి చేపల పక్కనైతే కాంగో టెట్రాలు, బోసెమాని రెయిన్‌బోలు లాంటి ఎనిమిది పది సెంటీమీటర్ల గుంపు చేపలు కూడా కుదురుతాయి, నాలుగడుగుల ట్యాంకులో ఇవే బాగా నప్పుతాయి.

అడుగున వేయడానికి షాపులో చెప్పే మొదటి పేరు సక్కర్. గాజు శుభ్రం చేస్తుందంటారు. చిన్నప్పుడు చేస్తుంది. మామూలు సక్కర్ 40 సెంటీమీటర్లు దాటుతుంది, శుభ్రం చేసేదానికన్నా పాడుచేసేదే ఎక్కువ. పైగా రాత్రిపూట ఏంజెల్, డిస్కస్ లాంటి పళ్లెపు ఒంటి చేపలకు అతుక్కుని వాటి ఒంటి జిగురు నాకడం కొన్నిటికి అలవాటవుతుంది. దాని బదులు బ్రిసిల్‌నోజ్ అడగండి: పన్నెండు పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది, నాచు నిజంగా తింటుంది, నమలడానికో చెక్క దుంగ ఉంటే సంతోషం. ఆస్కార్ ఉన్నచోట మాత్రం నోట్లో పట్టనంత పెద్దదాన్నే వేయాలి.

క్లౌన్ లోచ్‌లు కొనాలని చాలామందికి మోజు. నారింజ మీద నల్లటి పట్టీలు, ఆటలు. నిదానంగా పెరిగి 25-30 సెంటీమీటర్లు అవుతాయి, ఐదుకు తగ్గకుండా ఉండాలి, ఇరవై ఏళ్లు బతుకుతాయి, తెల్లమచ్చల జబ్బు అన్నిటికన్నా ముందు వీటికే తగులుతుంది. ఆరడుగుల ట్యాంకు నడిపి చేయి తిరిగాక పెంచుకోండి. జియోఫేగస్ మాత్రం ఇప్పుడే ఆలోచించదగ్గది. 20 సెంటీమీటర్ల పైబడే శాంతమైన సిక్లిడ్, ఇసుకను నోట్లోకి తీసుకుని జల్లించి మొప్పల్లోంచి వదులుతుంది. ఆ పని గంటల తరబడి చూడొచ్చు. మెత్తటి ఇసుక పరచాలి, గరుకు రాళ్లుంటే దాని నోరు గాయపడుతుంది. ఐదారు కలిపి పెంచాలి.

ట్యాంకును బట్టి నేను చెప్పే జతలు

4×1.5×1.5 ఉంటే, ఒక సెవెరమ్ లేదా ఒక జంట బ్లూ అకారా, వాటితో ఎనిమిది కాంగో టెట్రాలో రెయిన్‌బోలో, ఒక బ్రిసిల్‌నోజ్. ఇదే నేను చెప్పే మొదటి ట్యాంకు. కాస్త లోతుంటే దీని బదులు ఏంజెల్స్, అడుగున కోరిడోరాస్ గుంపు.

4×2×2 ఉంటే రెండు దారులు. ఒకటి, ఒక్క ఆస్కార్, దాంతో పెద్ద బ్రిసిల్‌నోజ్, అంతటితో ఆపేయడం. రెండోది, ఒక సెవెరమ్, ఆరు సిల్వర్ డాలర్లు, ఒక బ్రిసిల్‌నోజ్. సిల్వర్ డాలర్ల చోట ఐదు జియోఫేగస్ వేసినా బాగుంటుంది. ఆస్కార్‌తో పాటు సిల్వర్ డాలర్లు కూడా ఈ ట్యాంకులోనే పెంచేవాళ్లున్నారు. నీళ్లు మార్చడంలో కఠినంగా ఉండేవాళ్లకు సాగుతుంది, కొత్తవాళ్లకు నేను చెప్పను.

6×2×2 ఉంటేనే రెండు ఆస్కార్‌లూ సిల్వర్ డాలర్ల గుంపూ అనుకోవాలి. రెండు ఆస్కార్‌ల మధ్య కుదరొచ్చు, కుదరకపోవచ్చు. మగ ఆడ తేడా చూసి చెప్పలేం. మూడు మాత్రం వద్దు, రెండు ఒక్కటై మూడోదాన్ని వేధిస్తాయి.

ఎంత పెద్ద ట్యాంకున్నా కొత్తవాళ్లు కొనకూడనివి కొన్ని ఉన్నాయి, వాటి పిల్లలు చాలా ముద్దుగా ఉంటాయి: ఎర్రతోక క్యాట్‌ఫిష్, పంగాసియస్ (దీన్నే షార్క్ అని అమ్ముతారు), ఎలిగేటర్ గార్, పాకూ, క్లౌన్ నైఫ్, జెయింట్ గౌరామి. మీటరు దాకానో దాటో పెరిగేవే ఇందులో ఎక్కువ. అరోవానా కూడా ఈ జాబితాలోదే. సిల్వర్ అరోవానా 90 సెంటీమీటర్లు వస్తుంది, మూత బరువుగా లేకపోతే నేల మీదుంటుంది. ఆసియా అరోవానా అంతర్జాతీయ వన్యజీవుల ఒప్పందం మొదటి జాబితాలో ఉంది, కాగితాలు లేకుండా కొనడం చాలా దేశాల్లో నేరమవుతుంది.

వేసే వరస, మొదటి నెలలు

ఎంత మంచి జతైనా పచ్చి ట్యాంకులో వేస్తే నిలవదు. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గానూ, దాన్ని నైట్రేట్‌గానూ మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు వేయాలి. ఆ బ్యాక్టీరియా ఉన్న చేపల బరువుకు తగినంతే పెరుగుతుంది, కాబట్టి అన్నిటినీ ఒకే రోజు తెచ్చి గుమ్మరించకూడదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు వేయడం మరవద్దు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగినా ఆ బ్యాక్టీరియా పోతుంది, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే కడగాలి.

వరస ముఖ్యం. గుంపు చేపలు ముందు, అడుగున ఉండే చేప తర్వాత, సిక్లిడ్ అన్నిటికన్నా ఆఖరున. సిక్లిడ్ ముందే ఉంటే ట్యాంకంతా తనదే అయిపోతుంది, తర్వాత వచ్చిందల్లా చొరబాటుదారే. ఇప్పటికే సిక్లిడ్ ఉన్న ట్యాంకులో కొత్త చేప వేయాల్సొస్తే రాళ్లు, దుంగలు అన్నీ చోటు మార్చి, దీపం ఆర్పి వేయండి. పాత హద్దులు చెరిగిపోయి అందరూ మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటారు. కొత్త చేపను మూడు నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచి జబ్బు లేదని చూశాకే కలపాలి.

సామాన్లలో రెండు మూడు సంగతులే చెబుతాను. ఫిల్టర్ గంటకు ట్యాంకు నీళ్లను ఆరు నుంచి పది సార్లు తిప్పగలగాలి. హీటర్ లీటరుకు ఒక వాట్ చొప్పున లెక్క, అది కూడా ఒకటి పెద్దది కాకుండా సగం సగం రెండు పెడితే ఒకటి పాడైనా నీళ్లు ఉడకవు, చల్లారిపోవు. ఆస్కార్ గాజు హీటర్‌ను తోసి పగలగొడుతుంది, తొడుగు కావాలి. మూత అందరికీ కావాలి. బతికున్న చిన్న గోల్డ్‌ఫిష్‌లను మేతగా వేయొద్దు: వాటితో జబ్బులు వస్తాయి, వాటి ఒంట్లోని ఎంజైమ్ ఒకటి బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. మంచి గుళికలు చాలు, పిల్లలకు రోజుకు రెండుసార్లు, పెద్దవాటికి ఒకసారి.

మొదటి నెలల్లో చూడాల్సింది గాయాల కన్నా ప్రవర్తన. ఒక చేప ఎప్పుడూ హీటర్ వెనకో, పైన మూల నీళ్ల అంచునో నిలబడి ఉంటే, మేతకు అందరూ వచ్చినా రాకపోతే, దాన్ని వేధిస్తున్నారు. రెక్కలు చిరిగేదాకా ఆగకండి. ట్యాంకు మధ్యలో అడ్డుగాజు పెట్టి విడదీసి, వారం తర్వాత రాళ్లు మార్చి మళ్లీ కలిపి చూడండి. అప్పుడూ అదే జరిగితే ఆ జత కుదరదు, ఒకదాన్ని పంపించేయాల్సిందే.

ఆ పంపించేది ఎక్కడికన్నది చేప కొనే రోజునే తేల్చుకోవాలి. చెరువులోనో కాలువలోనో మాత్రం వదలకూడదు. అలా వదిలిన ఆస్కార్‌లు అమెరికాలోని ఫ్లోరిడా నీళ్లలో స్థిరపడిపోయాయి, సక్కర్‌లు ఎన్నో వెచ్చటి దేశాల నదుల్లో చొరబడి అక్కడి చేపల మేతా గట్లూ పాడుచేస్తున్నాయి. పెద్దయిన చేపను వెనక్కి తీసుకుంటారా అని షాపులో డబ్బు కట్టకముందే అడగండి. తీసుకోబోమని అంటే, దగ్గర్లో పెద్ద ట్యాంకులు నడిపే పెంపకందారులెవరో కనుక్కుని, వాళ్లు సరేనన్నాకే ఆ పిల్లను ఇంటికి తెచ్చుకోండి.